కిటికీ బయటి మేష్టారు

మా పియానో మేష్టారు మొన్న బుధవారం పొద్దున పోయారు. కబురు విని మా అరుగు మీద చేరిన పెద్దమనుషులు, "ఎంత విద్వాంసుడండీ, ఎంత గౌరవంగా చూసుకున్నాం!" అన్నారు. నాకు అసహ్యం వేసింది. వాళ్ళను చూసి సగం, నన్ను చూసుకుని సగం. ఈ "మేష్టారు", ఈ "పోయారు" అనే మర్యాద కూడా ఇవాళ్టిదే. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని "ఒరే" అనే పిలిచాను.

నిరుడు నూజివీడులో ఒక దొర తన దేశానికి వెళ్ళిపోతూ సామాన్లు అమ్మేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో నాకు పియానో పిచ్చి పట్టి, వాటిలో ఉన్నదాన్ని కొని ఎడ్లబండి మీద తెచ్చుకున్నాను. మరి నేర్పేదెవరు? ఆ బంగళాలో ఇరవై ఏళ్ళు దాని దుమ్ము తుడుస్తూ, దొరసాని దగ్గర విని నేర్చుకున్న మనిషి ఈయనొక్కరే. దొర వెళ్ళాక మా మామిడితోటలోనే కూలికి వచ్చేవారు. కాని ఊరి వెలుపలి పల్లెవారు. మా లెక్కలో అంటరానివారు.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. తలచుకుంటే రోత పుడుతోంది. నేను లోపల పియానో ముందు, ఆయన బయట కిటికీ ఎదుట గట్టు మీద ఎండలో. ఆయన తన మోకాలి మీద వేళ్ళు ఆడించి చూపేవారు, నేను చూసి వాయించేవాణ్ణి.

"నల్ల మెట్టండీ అయ్యగారూ, తెల్లది కాదు." నేను తప్పు వాయిస్తే ఆయన మొహం పంటి కింద రాయి పడ్డట్టయ్యేది. "తొందరపడమాకండి. చెవి ఒప్పుకున్నాకే వేలు కదపాలండీ." ఈ రోజుకీ వాయించబోతే ఆ మాటే వినిపిస్తుంది.

ఆయన కోసిన కాయల్నే మా అమ్మ దేవుడికి నైవేద్యం పెట్టేది. ఆయన చెయ్యి తగిలితే పియానో మాత్రం మైలపడుతుందట!

ఆరు నెలలకు ఒక పాట తప్పు లేకుండా వాయించాను. ఆయన కిటికీ ఊచలు పట్టుకోబోయి, ఆగి, చేతులు కట్టుకున్నారు.

"అయ్యగారూ, ఒక్కసారి నన్ను వాయించనిస్తారా? దొరగారు ఎళ్ళినకాడ్నించి చేతులు ఊరుకోవట్లేదండీ."

"అమ్మ ఊళ్ళో లేనప్పుడు చూద్దాంలేరా," అన్నాను.

చుట్టాల పెళ్ళికని అమ్మ ముసునూరు వెళ్ళి నాలుగు రోజులుంది. నాలుగు రోజులూ ఆయన వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. మళ్ళీ అడగలేదు. నేనూ పిలవలేదు. అమ్మ మీద నెపం పెట్టానుగాని, ఆ మెట్ల మీద ఆయన వేళ్ళు పడటం నాకే ఇష్టం లేదు. ఇంత నీచం నాలో ఉందని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

బుధవారం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం ముందు నన్ను చూసి ఆయన భార్య ఏడుపు ఆపి కంగారుగా లేచింది.

"అక్కడే ఉండండయ్యగారూ! లోపలికొత్తే మీకు మైల."

ఆమె నా మేలు కోరే అన్నది. లోపల చాప మీద, తెల్ల పంచె మీద, మామిడి సొనకు కాలి నల్లబడ్డ ఆయన చేతివేళ్ళు పొడుగ్గా, విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆయన కాళ్ళు తాకి దణ్ణం పెట్టాలనే బయల్దేరాను. గుమ్మం దాటలేకపోయాను. ఎవరినీ, దేన్నీ తాకలేదు.

అయినా ఇంటికి రాగానే, నూతి దగ్గర తల మీద నీళ్ళు పోసుకున్నాను.