పగులు పలక గొంతు

మార్కాపురంలో పలకను కళ్ళతో చూసి కొనరు. చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. మంచి పలక కంచులా మోగుతుంది. లోపల నెర్రె ఉంటే, పైకి ఎంత నున్నగా ఉన్నా, తడి గోడను తట్టినట్టు పలుకుతుంది. దాన్ని పగులు పలక అంటారు. మా ఊరివాళ్ళు ఒక గాయకుడికి ఆ పేరు పెట్టారు. నేను ఒప్పుకోలేదు. నాకు తెలిసినంతలో ఒప్పుకోనివాణ్ణి నేనొక్కణ్ణే.

మద్రాసులో యంత్రాల పని చదువుకుని వచ్చి, పలకల కార్ఖానాలో ఇంజను చూస్తున్నాను. సాయంత్రం చేతుల నూనె కడుక్కుని బజారులోని కాఫీ హోటలుకు పోతాను. అక్కడ ఒక బల్ల మీద గ్రామఫోను ఉంది. పాటల పిచ్చి ఉన్నవాళ్ళకు ఊళ్ళో కూర్చునే చోటు అదొక్కటే. ఆ బల్లకు పెద్దమనిషి మామ. నాకు బంధువు కాడు, ఊరందరికీ మామే. నాటకాలకు కాలితో తొక్కే హార్మోనియం వాయిస్తాడు. పాట విషయంలో చివరి మాట ఆయనది. ఆ మాటకు తలూపే పని బడి అయ్యవారిది.

ఆ గాయకుడి రికార్డును బెజవాడ నుంచి నేనే తెప్పించాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పద్యం. మా వైపు పద్యానికి ఒక పద్ధతి ఉంది. చివరి పాదం అయ్యాక ఊపిరి ఉన్నంతసేపు రాగం తీయాలి. జనం వన్స్ మోర్ అనాలి. మళ్ళీ తీయాలి. ఈయన అదేదీ చేయడు. మాట్లాడుతున్నట్టు ఎత్తుకుంటాడు. అర్థం ఆగినచోట ఆగుతాడు. స్వరాన్ని హార్మోనియం మెట్టు మీద నిలపకుండా రెండు మెట్ల నడుమకు జారవిడుస్తాడు. చివర రాగమే లేదు, ఆఖరి మాట అని ఊరుకుంటాడు.

రికార్డు ఆగాక మామ వేలి కణుపుతో బల్లను కొట్టాడు.

“పగులు పలక,” అన్నాడు. “శ్రుతే లేదు. రాగమూ లేదు. దీనికి వన్స్ మోర్ ఎవరంటారు?”

“శ్రుతి ఉంది మామా. నీ పెట్టెలో ఆ స్వరానికి మెట్టు లేదు.”

“నా పెట్టెలో లేనిది పాటలో ఎట్ల ఉంటాది అల్లుడా?”

“వీణ మీద తీగె లాగితే పలికేది ఏ మెట్టు?”

“అది వీణ. ఇది నాటకం. ఇంజనుకు నూనె పోసేటోనికి రెండూ ఒకటే.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నాది దేన్నైనా విప్పి భాగాలు చూసే బుద్ధి. ఇంటికి పోతూ మామ ఆక్షేపణలు విడదీశాను. శ్రుతి లేదన్నది తప్పు. రాగం లేదన్నది అలవాటు. వన్స్ మోర్ ఎవరంటారన్న దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు జనమే చెప్పాలి.

అందుకని, తిరునాళ్ళకు ఎవరిని పిలవాలన్న మాట వచ్చినప్పుడు ఆయన్నే పిలవమన్నాను. హోటలుకు పోయిన ప్రతిసారీ ఆ మాటే ఎత్తాను. చివరికి మామ విసిగిపోయాడు.

“పిలుద్దాం. జనం నడుమలో లేచిపోతే మాత్రం ఈ హోటల్లో పాట గురించి నువ్వు నోరు తెరవగూడదు. ఇంకెప్పుడూ.”

ఆ బల్ల దగ్గర తప్ప ఊళ్ళో నాతో పాట గురించి మాట్లాడేవాళ్ళు లేరు. ఆ సంగతి మామకూ తెలుసు.

“సరే మామా,” అన్నాను.

తిరునాళ్ళ నాడు ఆ గాయకుడు రైలు దిగి, మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. చిన్న మనిషి. హార్మోనియం మీద ఆధార శ్రుతి ఒక్కటి పట్టి ఉంచితే చాలు, ఇంకేమీ వద్దని మామను మర్యాదగానే అడిగాడు.

మామ నా దగ్గరికి వచ్చాడు. “ఊరికే తిత్తి తొక్కాలంట. నేనేమన్నా కమ్మరోన్నా?”

పొద్దు వాలుతుండగా పాట మొదలైంది. రెండో పద్యానికే పొదిలి నుంచి బండ్ల మీద వచ్చినవాళ్ళు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. వాళ్ళను చూసి ఇంకొందరు లేచారు. వెనక ఎవరో బండి చెక్కను కణుపుతో కొట్టి, “పగిలింది రోయ్” అన్నాడు. ఆడవాళ్ళ వైపు మాత్రం ఎవరూ కదల్లేదు.

తల్లి పద్యం వచ్చింది. స్వరం జారే చోట నేను గాయకుణ్ణి చూడలేదు, మామ కుడిచేతిని చూశాను. వద్దన్నా ఆ చెయ్యి ఊరుకోలేదు. వేలు ఒక మెట్టు మీదికి పోయింది, పక్క మెట్టు మీదికి పోయింది, రెండింటి నడుమ సందు మీద ఆగింది. తర్వాత ఆ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

పద్యం అయింది. ఎవరూ వన్స్ మోర్ అనలేదు.

మామ పెట్టె మూస్తుంటే దగ్గరికి వెళ్ళాను. “జనం లేచిపోయినారు మామా. మాట మాటే.”

ఆయన తలెత్తకుండా “ఊ” అన్నాడు.

ఓడినందుకు నా తల వంగలేదు. అలాంటి పాట మా ఊరి పందిట్లో పలికింది. పలికించినవాణ్ణి నేను. మర్నాడు హోటలుకు ఎప్పటిలాగే వెళ్ళి కూర్చుని కాఫీ తాగాను. నోరు తెరవలేదు. అయ్యవారు కావాలని నా ముందే పాటల మాటలు తెచ్చేవాడు. అయినా తెరవలేదు. అలా చాలా రోజులు గడిచాయి.

ఒక సాయంత్రం మామ కాఫీ లోటా పక్కకు నెట్టాడు.

“ఏంది అల్లుడా, రికార్డు పెట్టవా?”

“మాట ఇచ్చినా గదా.”

“నోరు తెరవొద్దన్నా. చెయ్యి కదపొద్దన్నానా?”

పెట్టాను. అది ఆగగానే అయ్యవారు అలవాటుగా బల్లను కణుపుతో కొట్టాడు. “పగులు పలకే.”

“ఉండు అయ్యవారూ,” అన్నాడు మామ. “శ్రుతిలోనే ఉండాడు. దానికి మెట్టు లేదు, అంతే.”

“నీ పెట్టెలో లేనిది పాటలో ఎట్ల ఉంటాది మామా?”

హోటలంతా నవ్వింది. మామ నా వైపు తిరిగాడు.

“వీణ అని ఏందో చెప్పినావే అల్లుడా, చెప్పు వీనికి.”

చెప్పవలసినదంతా వరసగా నా నాలుక మీదే ఉంది. పెదవులు బిగించి గ్రామఫోను కీ తిప్పాను. ఇక తిరగనని అది మొరాయించేదాకా తిప్పి, ముల్లును మళ్ళీ మొదట్లో పెట్టాను.