ఊరగాయ జాడీలో వైన్

మంచి వైన్ అంటూ ఎవరైనా లెక్చర్ మొదలుపెడితే నాకు విసుగొస్తుంది. నాకు మా అత్త వైనే గుర్తొస్తుంది. చిత్తూరులో ఏటా క్రిస్మస్‌కు నలభై రోజుల ముందు పన్నీరు ద్రాక్షను లవంగాలు వేసి జాడీలో పులియబెట్టేది. కొత్తది నాలుకను గిల్లేది. ఒక సీసా మాత్రం బియ్యం బానలో దాచేది. అది ఏళ్లు గడిచాక తెరిస్తే గరుకంతా పోయి, లవంగం నెమ్మదిగా గొంతులో విచ్చుకునేది.

డెబ్బైల్లో, పెళ్లైన మొదటి ఏడు, ఆ పని నాకు అప్పగించింది. నేను ఊరగాయ జాడీని తొందరగా కడిగి అందులోనే ద్రాక్ష పోశాను. పండగనాడు ఆడబిడ్డ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఏందమ్మా, తెల్లగడ్డ వాసనొస్తా ఉండాది?"

నేను తల దించుకున్నాను. అత్త తన గ్లాసు ఖాళీ చేసి, "జాడీ కడిగింది నేనే మే. నాకు కండ్లు ఆనతాయా?" అంది.

ఆ వైన్ కూడా ఒక సీసా బియ్యంలోకి వెళ్లింది. ఎనిమిదేళ్లకు తెరిచాం. రంగు మాగింది, పులుపు మెత్తబడింది, వెల్లుల్లి మాత్రం కదల్లేదు. ఈసారైనా నిజం చెబుదామని నోరు తెరిచాను. అత్త నా చేతిలో గ్లాసు పెట్టి, ఆడబిడ్డ వైపు తిరిగింది.

"ఆ ఏడు జాడీ నేను సరిగ్గా కడగలేదు మే."