సెనేటర్ సిల్వానో సాగనంపుడు

సెనేటర్ సిల్వానో గారిలో లోపం ఒక్కటే. ఇంటికొచ్చిన మనిషిని వెళ్ళనివ్వరు. కూర్చోబెట్టి మర్యాద చెయ్యడం ఆయనకు పది నిమిషాల పని. కుశలప్రశ్నలూ, చల్లటి తెరెరే పానీయం, వేడి చీపా రొట్టె అన్నీ ఆ పది నిమిషాల్లోనే ముగిసిపోతాయి. ఆ తర్వాత అతిథి లేచి గేటు దాకా వస్తాడు చూడండి, అసలు బాధ అక్కడ మొదలవుతుంది. సిల్వానో గారు గేటు గడియ మీద చెయ్యి వేస్తారు. వేసిన చెయ్యి గంటకూ తియ్యరు.

"మా పెళ్ళికొచ్చిన చుట్టాల్లో ఆఖరివాళ్ళను ఈయన సాగనంపేసరికి మా పెద్దాడికి పళ్ళొచ్చాయి" అనేవారు ఆయన భార్య క్రెసెన్సియా గారు.

అసున్సియోన్‌లో ఆ వీధివాళ్ళందరూ ఎవరి జాగ్రత్తలో వాళ్ళుండేవారు. గ్యాసు బండ తెచ్చేవాడు బండను గేటు బయటే దించి, గంట కొట్టి పరుగు లంకించుకునేవాడు. పాదిరీగారు వచ్చే ముందే గుడిసేవకుడికి చెప్పి వచ్చేవారు, అరగంటలో తాను తిరిగి రాకపోతే ఎవరో పోయారని గంట మోగించమని. ఒక మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుండగా, పెరట్లో కోడిని పట్టుకుని ఒక దొంగ దొరికిపోయాడు. సిల్వానో గారు వాణ్ణి కూడా గేటు దాకా వచ్చి సాగనంపారు. ముప్పావుగంట గడిచేసరికి, పోలీసుల్ని పిలవమని దొంగే బతిమాలుకున్నాడట. చివరికి వాడు ఒక కోడికి రెండు కోళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళాడు. రెండోది ఎందుకిచ్చారో సెక్రటరీ దియోలిండాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

దియోలిండా పదకొండేళ్ళుగా ఆయన ఇంట్లోని ఆఫీసు గదిలో ఉత్తరాలు రాస్తోంది. పని అయిదింటికి అయిపోతుంది. బస్సు అరగంటకొకటి. ఆయనతో పాటు గేటు దాకా నడిచి, గడియ మీద ఆ చేతిని చూస్తూ, నిమ్మచెట్టు ఎందుకు కాయడం లేదో, ఆయన సొంతూరు పిలార్‌లో నది చేపలు ఎందుకు సన్నబడ్డాయో వింటూ, మొదటి బస్సును రోజూ కళ్ళారా సాగనంపడం ఆమె ఉద్యోగంలో భాగమైపోయింది. ఆమె లెక్కన పదకొండేళ్ళలో ఒక ఏడాది నిమ్మచెట్టుకే పోయింది. ఈ మార్చి నుంచి జబ్బు మరీ ముదిరింది. ఇదివరకు రెండో బస్సుకు వదిలేవారు, ఇప్పుడు నాలుగోది వస్తే గానీ గడియ కదలడం లేదు. వయసు మీద పడుతోంది పాపం అనుకుంది.

ఆ మార్చిలోనే రైతులు యకారే వంతెన మీద బైఠాయించారు. పోలీసు కాల్పులు జరిగాయి. ఆజ్ఞ ఎవరూ ఇవ్వలేదనీ, ఎవరికీ గాయాలు కాలేదనీ ప్రెసిడెంటు కాగితం మీద సంతకం చేశాడు. కింది సభ ఆయన మీద అభియోగం మోపి సెనేటుకు పంపేసరికి ఆగస్టు వచ్చింది. ఓటు ఆరో తేదీన. పదిహేనో తేదీకి ఆయన గడువు ఎలాగూ తీరిపోతుంది. తొమ్మిది రోజుల్లో దిగిపోయే మనిషిని ఇప్పుడు దింపడం దేనికని టాక్సీవాళ్ళు, మంగలివాళ్ళు, టీవీలో మాట్లాడేవాళ్ళు అందరూ అడిగారు. పోయేవాడి మీద రాయెందుకని కొందరు, పోయేవాడే కదా అని వదిలేస్తే వచ్చేవాడికి భయమేముంటుందని కొందరు. సెనేటులో నలభై అయిదుగురు. ముప్ఫై చేతులు లేవాలి. ఇరవై తొమ్మిది దగ్గర లెక్క ఆగిపోయింది.

ముప్ఫయ్యో చెయ్యి ఎప్పుడూ గేటు గడియ మీద ఉండే ఆ చెయ్యే. సిల్వానో గారిది ప్రెసిడెంటు పార్టీ. పైగా ఆయన చిన్నకూతురికి బాప్తిస్మమప్పుడు ప్రెసిడెంటే జ్ఞానతండ్రి. ఏం చేస్తారని అడిగిన ప్రతివాడికీ "చూద్దాం" అన్నారు.

దియోలిండా మాత్రం అడగలేదు. ఆ వంతెన మీద ఆమె తమ్ముడు అన్సెల్మో ఉన్నాడు. రబ్బరు గుండు తగిలి ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళ పేర్లు పోలీసులు రాసుకుని పట్టుకుపోతున్నారని తెలిసి, అక్క ఇంటి వెనకగదిలో దాక్కున్నాడు. అయిదు నెలలుగా కోడి కూసినా ఉలిక్కిపడుతున్నాడు. గాయపడ్డవాళ్ళే లేరన్నప్పుడు అన్సెల్మో కన్ను ఎక్కడ పోయినట్టు? ఆ కాగితం తప్పని ఎవరో ఒకరు పెద్దసభలో తేల్చేదాకా వాడు బయటికి రాలేడు. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పనిచేసే ఇంట్లో యజమానిని ఓటడగడం ఆమె చేతకాని పని.

అయిదో తేదీ మధ్యాహ్నం పార్టీ నాయకుడు బారియెంతోస్ వచ్చాడు. గేటు సంగతి తెలిసినవాడు కాబట్టి పథకం వేసుకుని మరీ వచ్చాడు. ఎద్దుకొమ్ము లోటా చేతులు మారుతున్నంతసేపూ తెరెరే తాగేవాళ్ళెవరూ థాంక్స్ చెప్పరు. చెప్పారంటే ఇక చాలు, నాకు పొయ్యొద్దని అర్థం. ఆ మాట వినపడగానే సిల్వానో గారు "పద, గేటు దాకా వస్తా" అని లేస్తారు. కనక మాట తీసుకునేదాకా థాంక్స్ చెప్పకూడదని, కుర్చీ దిగకూడదని బారియెంతోస్ ఒట్టు పెట్టుకున్నాడు.

సిల్వానో గారు పోశారు, బారియెంతోస్ తాగాడు. ఎద్దుల గురించి మాట్లాడుకున్నారు. మళ్ళీ పోశారు, మళ్ళీ తాగాడు. వచ్చే ఏడు వానల గురించి మాట్లాడుకున్నారు. దియోలిండా పక్కగదిలో టైపు చేస్తున్నట్టు నటిస్తూ లెక్కపెట్టింది. పదిహేనో లోటాకు నాయకుడు కాలు మీద కాలు వేశాడు. పందొమ్మిదికి ఆ కాలు తీసి ఈ కాలు వేశాడు. ఇరవై మూడో లోటాకు మొహం ఎర్రబడి, పళ్ళ మధ్య నుంచి "థాంక్స్" అన్నాడు.

గేటు దగ్గర గడియ మీద చెయ్యి పడింది. నిమ్మచెట్టు కథ మొదలైంది. బారియెంతోస్ నిలబడ్డ చోటే అడుగులేస్తూ మూడు నిమిషాలు ఓర్చుకున్నాడు.

"నీ నిమ్మచెట్టు తగలెయ్య" అన్నాడు చివరికి. "తొమ్మిది రోజుల గొడవ కాదయ్యా ఇది, కుర్చీ గొడవ. దిగిపోయిన ప్రెసిడెంటుకి బతికున్నన్నాళ్ళూ సెనేట్లో కుర్చీ ఉంటుంది కదా? దోషి అని తేలితే అది పోతుంది. అది పోతే ఆయన పోతాడు, ఆయన వెనకున్న మేమంతా పోతాం. రేపు నువ్వు చెయ్యెత్తావా, మీ ఊరికి వేయిస్తామన్న పిలార్ రోడ్డు సంగతి మర్చిపో."

"ఇది చెప్పడానికి ఇరవై మూడు లోటాలు తాగావా? బాత్రూము ఎడంపక్క ఉంది, వెళ్ళిరా" అన్నారు సిల్వానో గారు.

కిటికీలోంచి అది విన్న దియోలిండాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ప్రెసిడెంటు చచ్చేదాకా సెనేట్లోనే ఉంటాడన్నమాట. కాగితాలు పట్టుకెళ్ళినప్పుడు సభ వరండాలో ఎదురుపడితే తాను నమస్కారం పెట్టాలి, అన్సెల్మో మాత్రం వెనకగదిలో ఉండాలి.

అయిదింటికి ఆమె సంచి తగిలించుకుని గేటు దగ్గరికి వచ్చింది. గడియ మీద చెయ్యి. మొదటి బస్సు పోయింది. పిలార్ చేపలు వచ్చాయి. రెండో బస్సు పోయింది. సిల్వానో గారు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుని మళ్ళీ నిమ్మచెట్టు ఎత్తుకున్నారు. మూడో బస్సు మూల తిరిగేటప్పటికి దియోలిండా ఓపిక తెగింది.

"మా తమ్ముడి కన్ను పోయింది దోన్ సిల్వానో" అంది. "మార్చిలో, ఆ వంతెన మీద. ఇంట్లో దాచి పెట్టాను."

"తెలుసమ్మా."

ఆమె చటుక్కున ఆయన వైపు తిరిగింది.

"నీ సంచిలో కంటిచుక్కల సీసా చూశాను. నీ కళ్ళకేమో ఏ జబ్బూ లేదు. చీపా కూడా ఒకటికి రెండు కట్టుకెళ్తున్నావు."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే ఏమీ లేదండీ అంటావు. కుర్చీలో కూర్చున్నప్పుడు ఎవరూ తమకి కావలసింది చెప్పరు తల్లీ, అందరూ వానల గురించే మాట్లాడతారు. గేటు దాకా వచ్చాక, 'అన్నట్టు దోన్ సిల్వానో' అంటారు. అమ్మ ఆపరేషనూ, పిల్ల చదువూ, ఇంట్లో పొయ్యి వెలగకపోవడం, అన్నీ ఆ అన్నట్టు వెనకే వస్తాయి. కొందరికి అయిదు నిమిషాల్లో వస్తుంది. కొందరికి గంట పడుతుంది. నీకు అయిదు నెలలు పట్టింది. నా కాళ్ళు చూడు, ఎలా వాచిపోయాయో."

దియోలిండా కాళ్ళు చూసింది. నిజంగానే వాచాయి. పదకొండేళ్ళుగా తాను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

"రేపు ఎటు చెయ్యెత్తాలో నాకు తెలుసు. మార్చి నుంచీ తెలుసు" అన్నారాయన. "కాని సభలో వాడి పేరు చెప్పాలంటే నువ్వు ఊ అనాలి. చెప్పాక పోలీసులు మీ ఇంటికి రావొచ్చు, రాకపోవచ్చు. పేరు మీది. వద్దంటే చెప్పను."

"మరి మీ పిలార్ రోడ్డో?"

"మావాళ్ళకి బురద అలవాటే."

ఆఖరిదైన నాలుగో బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. దియోలిండా గేటు ఊచ పట్టుకుంది. వెనకగదిలో కోడి కూతకు ఉలిక్కిపడే తమ్ముడు కళ్ళ ముందు కదిలాడు. బస్సు వెళ్ళిపోయింది.

"అన్సెల్మో వేరా" అంది. "ఇరవై నాలుగేళ్ళు. వేరా అని స్పష్టంగా చెప్పండి, వాడికి తెలియాలి తన గురించేనని."

సిల్వానో గారు గడియ తీశారు. బస్సులు అయిపోయాయని టాక్సీ పిలిచి, ఆ టాక్సీ తలుపు మాత్రం వెంటనే వేశారు.

మర్నాడు సభ కిక్కిరిసింది. ప్రెసిడెంటు తన తరఫున తానే వాదించుకుని, పోయే మనిషిని ఇలా అవమానించడం ధర్మమా అని అడిగి కూర్చున్నాడు. సిల్వానో గారు లేచారు. గేటు దగ్గర ఎంత మాట్లాడినా, సభలో ఆయన ఏనాడూ మూడు ముక్కలకు మించి మాట్లాడలేదు.

"వెళ్ళేవాణ్ణి ఎందుకు అడగడమంటున్నారు, వెళ్ళాక ఇంకెవర్ని అడుగుతాం? గాయపడ్డవాళ్ళు లేరని ఈయన సంతకం పెట్టాడు. అన్సెల్మో వేరా, ఇరవై నాలుగేళ్ళు, ఎడమ కన్ను."

చెయ్యెత్తారు. ముప్ఫై. బారియెంతోస్ కిందికి చూస్తూ కాగితాలు సర్దుకున్నాడు. పైన గ్యాలరీలో కూర్చున్న దియోలిండా జనం పల్చబడేదాకా ఆగి లేచింది.

ఆమె మెట్లు దిగి బయటికి వచ్చేసరికి, పదవి పోయిన మనిషి కారు దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. పొద్దున వెంట వచ్చిన మంత్రులు ఒక్కొక్కరే పక్కసందుల్లోకి జారుకున్నారు. కెమెరాలన్నీ చూస్తుండగా సిల్వానో గారు నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి ఆ కారు తలుపు మీద చెయ్యి వేశారు.

నలభై నిమిషాలు. దియోలిండా మెట్ల మీద నిలబడి ఉడికిపోయింది. అంత పని చేసినవాడికి ఈ మర్యాదలేమిటని ఆమె కోపం. కారు కదిలాక ఆయన కుంటుకుంటూ వచ్చారు.

"ఏం మాట్లాడారు అంతసేపు?"

"అరగంట ఎద్దుల గురించి. ఆ తర్వాత అడిగాడు, ఆ కుర్రాడికి పోయింది ఒక కన్నా, రెండా అని."

"మీరేం చెప్పారు?"

"ఒకటే అన్నాను. రెండోదానితో ఇవాళ టీవీ చూస్తున్నాడని చెప్పాను."