ఎవరి సీసా వాళ్లదే

మంగళవారం పొద్దున ల్యాబ్‌లో ఉండగా వాట్సాప్‌లో కబురు వచ్చింది. అల్ వర్సాన్ లేబర్ క్యాంపులో ఉంటూ మేస్త్రీగా చేసి, నిరుడు జగిత్యాల దగ్గరి తన ఊరికి వెళ్లిపోయిన కాక చనిపోయారు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. క్యాంపులో అందరికీ ఆయన కాకే. నాకూ అదే పిలుపు అలవాటైంది.

నేను ఇక్కడ గల్ఫ్‌లో ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ అసిస్టెంట్‌ని. వేసవి ఎండలో పనిచేసేవాళ్ల కిడ్నీలు ఎంత దెబ్బతింటున్నాయో చూడటం మా పని. మొదటి విడతలో డ్యూటీ దిగి వచ్చినవాళ్ల దగ్గర మూత్రం నమూనాలు తీసుకున్నాం. కాక రూము నుంచి వచ్చిన ఐదు సీసాల ఫలితాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా వచ్చాయి. మిషన్ పాడైందేమోనని మళ్లీ పరీక్ష చేశాను. మిషన్ నిక్షేపంగా ఉంది.

సెలవు రోజు క్యాంపుకి వెళ్లి అడిగాను. కాకే ముందుకొచ్చి, ఏసీ గోదాములో పనిచేసే రూమ్మేట్ చేత ఐదు సీసాలూ తానే నింపించానని ఒప్పుకున్నారు. నీడపట్టున ఉండే మనిషిది కాబట్టి మంచిగా వస్తుందని ఆయన లెక్క.

"తప్పు నాది సార్, పోరలది గాదు. మెడికల్ల ఫేలైతె ఖలాస్. టికెట్ చేతిల వెట్టి పంపుతరు."

నాకు ఒళ్లు మండింది. మెట్లు దిగేలోపు ఆ కోపం నా మీదికే మళ్లింది. తెల్లకోట్లు వేసుకుని, కంపెనీ బస్సులో, క్యాంప్ బాస్‌ను పక్కన పెట్టుకుని వెళ్లినవాళ్లం మేం. వీసా మెడికల్ అనుకోక ఇంకేమనుకుంటారు? అంగీకార పత్రం చదివి వినిపించి, మా బాధ్యత తీరిందనుకున్నాం. చదువుకున్నవాళ్ల తెలివితక్కువతనం అలాగే ఉంటుంది.

తర్వాతి వారం కోటు లేకుండా ఒక్కడినే వెళ్లాను. సీసాల మీద పేర్లుండవని, నంబర్లేనని, ఏది ఎవరిదో కంపెనీకి చెప్పబోమని మాటిచ్చాను. కాక చాయ్ పోయించి, చాలాసేపు నన్ను గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన సంగతులు మిగతావాళ్లు చెప్పారు. సైటుకి తడి గోనె చుట్టిన నీళ్ల క్యాను తనే మోసుకెళ్లి, ఒక్కొక్కరినీ పిలిచి తాగించేవారట. దాహం వేయకముందే తాగాలని, "దూపైనంక తాగితె అవి నీళ్లు గావు, మందు" అనేవారట. తాను మాత్రం సరిగా తాగేవారు కాదు. బాత్రూము దూరం, మేస్త్రీ పని వదిలి మాటిమాటికీ పోతే బాగుండదని.

చివరికి చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నారు. "ముందుగాల నాది తీస్కో బిడ్డా. ఏమైతదో వీళ్లు గూడ సూస్తరు."

ఫలితం చెడ్డగా వచ్చింది. మా డాక్టరు రక్తపరీక్ష కూడా చేయించి, కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయని, ఎండ పని మానాలని చెప్పారు. మేం కంపెనీకి చెప్పలేదు. ముదీర్, అంటే మేనేజర్ దగ్గరికి కాకే వెళ్లి నీడలో పని అడిగారు. దొరకలేదు. ఆయన భయపడ్డట్టే టికెట్ చేతికొచ్చింది.

మొదటి విడతలోనే ఆయన సొంత సీసా నా చేతికి వచ్చి ఉంటే కొన్ని వారాలైనా కలిసొచ్చేవి. మేం సరిగ్గా వెళ్లి ఉంటే ఇచ్చేవారు. ఆ బాధ నాకు పోదు. మా ఫైల్లో ఆయన ఒక నంబరు. ఇక్కడ కూడా పేరు రాయడం లేదు, మాటిచ్చాను కనుక.

ఆయన గతి చూశాక మిగతా నలుగురూ సీసా ముట్టరనుకున్నాను. ఊరికి వెళ్లే రోజు పొద్దున్నే కాకే నాకు ఫోన్ చేసి రమ్మన్నారు. నేను వెళ్లేసరికి బ్యాగు సర్దుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బాత్రూము తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"నాది ముదిరినంక తెల్సింది. మీది ఇప్పుడే తెల్సుకోండ్రి" అని వాళ్లతో అంటున్నారు.

ఎయిర్‌పోర్టు బండి కింద హారన్ కొడుతోంది. కాక లేవలేదు. ఒక్కొక్కరినీ లోపలికి పంపి, బయటికి రాగానే సీసా తన చేత్తో పట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూశారు. నాలుగోది ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని నా చేతిలో పెట్టాకే బ్యాగు ఎత్తుకున్నారు.