హ్యాండిలు తిప్పి చూడని రోజు

పోయిన వారం పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. "మెకానిక్ మామ పోయినాడమ్మా. నిద్రలోనే పోయినాడంట. నేను జమ్మలమడుగుకు పోతాండా, నువ్వూ రా" అన్నాడు. పులివెందులలో నేను పనిచేసే కాలేజీకి సెలవు చెప్పి బస్సెక్కాను.

మామ మాకు చుట్టం కాదు. జమ్మలమడుగు బస్టాండు వెనక బండ్లు బాగుచేసేవాడు. పెద్దముడియం మండలంలో గొర్రెలు మేపుకునే మా నాన్నకున్న ఒకే ఒక్క పాత మోటారు సైకిలును అన్నేళ్లు నడిపించింది ఆయన చేతులే. పనిమంతుడే కానీ శానా తొందర మనిషి. ఒక బండి విప్పుతూనే పక్క బండి శబ్దం విని దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. ఆ తొందర ఒకసారి మా ఇంటి మీద పడింది.

నేను పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయాలి. సెంటరు ప్రొద్దుటూరులో. ముందురోజు నాన్న బండి తీసుకుని మామ దగ్గరికి వెళ్లాడు. "నువ్వు ముందు లైటు మార్చినప్పటి నుంచి హ్యాండిలు ఎడమకు తిప్పితే బండి ఆగిపోతాంది మామా" అని చెప్పాడు. షాపు నిండా జనం. మామ ప్లగ్గు మార్చి, ఒక్క కిక్కు కొట్టి, "ఏం కాదు, పోప్పా" అని పంపించేశాడు.

మర్నాడు జమ్మలమడుగు దాటాక ఒక మలుపులో బండి ఆగిపోయింది. నాన్న ప్లగ్గు పీకి ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాడు. ప్లగ్గు కొసన నిప్పురవ్వ రాలేదు. తుడిచి మళ్లీ కొట్టాడు. రాలేదు. ఒక ఆటో దొరికి సెంటరుకు చేరేసరికి గేటు మూసేశారు. నాన్న గేటు చువ్వలు పట్టుకుని, చేతులకంటిన మసితోనే లోపలివాళ్లకు దండాలు పెట్టాడు. వాళ్లు తీయలేదు. మసి నా హాల్ టికెట్టుకు కూడా అంటింది.

ఊళ్లో ఆ వారమంతా నాన్నను అనని మాట లేదు. "ఆ డొక్కు బండి మీద పరీక్షకు తీస్కపోయేదేంది? బస్సుకు పంపకూడదా?" అని మా పెదనాన్న అందరి ముందూ నిలదీశాడు. నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు. ఇక చదువు చాలు, గొర్రెల వెంట పోనీ అన్న మాట కూడా ఇంట్లో వచ్చింది.

నాన్న బండిని మామ షాపులో వదిలి వచ్చాడు. ఆదివారం పొద్దున మామ ఆ బండి మీదే మా ఊరు వచ్చాడు. పెదనాన్నతో సహా నలుగురూ అరుగు మీద ఉన్నారు. మామ బండి దిగి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అప్పా, తప్పు నీ బండిది కాదు, నాది. లైటు మార్చినప్పుడు వైర్లన్నీ కలిపి బిగించి కట్టింది నేనే. తాళం కాడి నుంచి వచ్చే వైరు ఆ కట్టులోనే లోపల తెగింది. హ్యాండిలు తిప్పితే ఆగిపోతాందని నువ్వు చెప్తివి. నేను తిప్పి సూడకుండా పంపిస్తిని."

మామ నా వైపు తిరిగాడు కానీ నా ముఖం చూడలేకపోయాడు. "నీ సదువుకు నేనే అడ్డం పడితిని పాపా" అన్నాడు.

నాన్న లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. "ఎండన పడి వచ్చినావు, తాగు మామా."

"ఈ ఇంట్లో నీళ్లు తాగే మొగం నాకు లేదప్పా."

వైరు పైపొర బాగానే ఉంటుంది, లోపల రాగి తెగిందని ఎవరికి తెలుస్తుంది? ఆయన చెప్పకపోతే నాన్న జన్మంతా తన బండినే తిట్టుకునేవాడు. ఆ రోజు నాన్న తల ఎత్తాడు. చదువు చాలన్న మాట కూడా ఇంట్లో మళ్లీ రాలేదు. మామ అంత పెద్ద మనిషి నా ముందు తల వంచితే, ఎక్కడ దాక్కోవాలో తెలియనంత సిగ్గు వేసింది నాకు.

ఆ తర్వాత ఇంజను ఆడుతుండగా హ్యాండిలు రెండు వైపులా తిప్పి చూడకుండా ఒక్క బండినీ మామ బయటికి పంపలేదు. నాకూ నేర్పాడు. "బండి ఆగితే వెంటనే ప్లగ్గు పీకొద్దు. ముందు హారన్ కొట్టు. హారన్ కూడా పలకలేదంటే ప్లగ్గు దాకా పోయే పన్లేదు, కరెంటు పైనే, తాళం కాడి వైర్లలో యాడో ఆగిపోయింది." తొందరపెట్టిన ప్రతివాడికీ నా పరీక్ష సంగతి తానే చెప్పేవాడు. నేను అక్కడున్నప్పుడు చెబితే తట్టుకోలేకపోయేదాన్ని.

"ఇంకా ఎందుకు మామా ఆ మాట?" అన్నాను ఒకరోజు.

"నేను మరిస్తే ఇంకొకరికి జరుగుతాది పాపా."

నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఆయన నాన్న కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడటం నేను చూడలేదు.

జమ్మలమడుగులో ఆయన్ను సాగనంపి వచ్చిన దగ్గర్నుంచి మరుసటి ఏడు నేను మళ్లీ రాసిన పరీక్ష రోజే కళ్ల ముందు కదులుతోంది. ఆ రోజు తెల్లవారకముందే, పిలవకుండానే మామ తన బండి మీద మా ఊరు వచ్చాడు. "మీరు ముందు పోండి. నేను ఎనక వస్తా. ఒకటి ఆగినా ఇంకోటి ఉంటాది" అన్నాడు. ప్రొద్దుటూరు దాకా ఆయన బండి చప్పుడు నా వీపు వెనకే ఉంది. సెంటరు దగ్గర గేటు బార్లా తెరిచి ఉంది. నాన్న బండి ఆపి స్టాండు వేశాడు. నేను లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. రోడ్డుకు అవతల మామ రెండు కాళ్లూ నేలకు ఆనించి, బండి దిగకుండా, ఇంజను ఆపకుండా నావైపే చూస్తూ ఉన్నాడు.