ఎల్లారావు బూటు కింద పసుపు

ఎల్లారావు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. వయసు నలభై ఏడు, కాపురం కూర్మన్నపాలెం. పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళాక, ఎప్పటినుంచో ఉన్న కోరిక తీర్చుకుందామని సెకండ్‌హ్యాండులో ఎర్రటి స్పోర్ట్స్ బైకు కొన్నాడు. తిన్నని రోడ్డు మీద అతన్ని పట్టుకోవడం కష్టం. మలుపు వచ్చిందంటే మాత్రం, నిండు బిందె మోస్తున్నవాడిలా బండిని నిలువుగా పట్టుకుని బ్రేకు మీద బ్రేకు వేసేవాడు.

ఒక ఆదివారం రుషికొండ దాటాక బీచ్ రోడ్డు మలుపులో, వెనక మూడు ఐసు పెట్టెలు కట్టిన మోపెడ్ ఒకటి అతన్ని దాటేసింది. నడుపుతున్నవాడు జాలరిపేట గంగరాజు, చేపల వ్యాపారం.

"ఏటి బాబాయ్, బండాగిపోనాదా? తొయ్యమంటావేటి?" అని అడిగి మరీ వెళ్ళాడు.

ఆ మాటతో ఎల్లారావుకు మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు, ఊరి బయట ఎవరో కొత్తగా వేసిన చిన్న రేసు ట్రాకులో మలుపులు తిరగడం నేర్పుతారని విని పేరు ఇచ్చేశాడు.

నేర్పే అమ్మాయి పేరు హిమబిందు. ఇరవై ఆరేళ్ళుంటాయి. మొదటి రౌండు కాగానే చెయ్యెత్తి ఆపింది.

"అంకుల్, మీ కాళ్ళు ఏ ఊరు వెళ్తన్నాయి?"

ఎల్లారావు కిందికి చూసుకున్నాడు. ఒక బూటు విజయనగరం వైపు, రెండోది అనకాపల్లి వైపు తిరిగి ఉన్నాయి. ఫుట్‌రెస్టు మీద మడమలున్నాయి, వేళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. బండి కాస్త వంగగానే కుడి బూటు తారుకు రాసుకుని, కొస అరిగిపోయింది.

"మడమ కాదంకుల్, వేళ్ళ వెనకాల మెత్తగా ఉంటాది చూడండి, అది ఫుట్‌రెస్టు మీద ఉండాలి. వేళ్ళు బండివైపు. కుడి మలుపైతే కుడి పిర్ర సగం సీటు దిగాలి, తల కుడి అద్దం దగ్గరికి రావాలి. ఎడమ మోకాలు ట్యాంకుని గట్టిగా పట్టుకోవాలి. చేతుల మీద బరువెయ్యకూడదు."

"ఇయన్నీ ఒకేసారా తల్లీ?"

"ఒకేసారే. అదీ మలుపు రాకముందే."

ఆ రోజంతా అతనికి కాళ్ళు గుర్తుంటే తల గుర్తుండేది కాదు, తల గుర్తుంటే పిర్ర గుర్తుండేది కాదు. బండి కదలకుండా స్టాండు వేసి ఇంటి దగ్గర సాధన చెయ్యమని చెప్పి పంపింది హిమబిందు.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు గోడ పక్కన హెల్మెట్ పెట్టుకుని, నిలబెట్టిన బండి మీద ఒక పక్కకి వేలాడుతున్నాడు ఎల్లారావు. ఎదురింటి పైడయ్య కాసేపు చూసి, ఎల్లారావు భార్య గౌరీశ్వరిని కేకేశాడు.

"అమ్మా, మీ ఆయనకి నడుం పట్టేసినట్టుంది. దిగలేకపోతన్నాడు."

నొప్పుల నూనె సీసా కూడా ఇచ్చి వెళ్ళాడు.

గౌరీశ్వరి బయటికొచ్చింది. ఎల్లారావు ఆమెకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావ్?"

"మలుపు తిరుగుతన్నాను."

"బండి కదల్లేదు గదా!"

"బండి తరవాతే. ముందు నాను తిరగాల."

గౌరీశ్వరి నవ్వలేదు. అతని కాళ్ళకేసి చూసింది. ఆమె కాలనీ ఆడపిల్లలకు కుట్టుమిషను నేర్పుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళంతా మడమతోనే తొక్కుతారని ఆమెకు తెలుసు. లోపలికెళ్ళి పసుపు ముద్ద కలిపి తెచ్చి ఫుట్‌రెస్టుకు పూసింది.

"ఇప్పుడు తిరుగు." తిరిగాడు. "బూటెత్తు. సూడు, మడమకే అంటింది. మల్లీ."

రోజూ అదే వరస. మోకాలికీ ట్యాంకుకీ మధ్య తువ్వాలు పెట్టేది. అది జారి పడితే ఆ పూట టీ ఉండదు. వారంలో ఐదు పూటలు టీ లేకుండానే డ్యూటీకి వెళ్ళాడు. గుమ్మంలో గచ్చంతా పచ్చటి బూటు గుర్తులే. పదో రోజున పసుపు పడాల్సిన చోట పడింది.

రెండోసారి ట్రాకుకు వెళ్ళినప్పుడు భార్యను కూడా తీసుకెళ్ళాడు. మూడో రౌండులో, పెద్ద కుడి మలుపు ఇంకా దూరంగా ఉండగానే జరిగి కూర్చున్నాడు. మెత్తటి భాగం ఫుట్‌రెస్టు మీద, వేళ్ళు బండివైపు, చూపు మలుపు చివర. బండి తనంత తానే ఒరిగింది. బ్రేకు అవసరమే రాలేదు. హెల్మెట్‌లోనే "ఓలమ్మో!" అని అరిచాడు.

ఆ ఆనందంలో, వెంటనే ఎడమ మలుపు ఉందన్న సంగతి మరిచాడు. కుడిపక్కకి వేలాడుతూనే నేరుగా గడ్డిలోకి వెళ్ళి ఆగాడు. పడలేదు గానీ, ఆగాక కూడా వేలాడుతూనే ఉన్నాడు.

హిమబిందు పరుగెత్తుకొచ్చింది. "అంకుల్, కుడి మలుపు అదిరిపోయింది! మరి ఎడమదేటి, అలాగ వదిలేశారు?"

వెనకే ఆయాసపడుతూ వచ్చిన గౌరీశ్వరి జవాబు చెప్పింది. "ఎడమేపు మాకు గోడ అడ్డమండి. కుడిదొకటే నేర్పాను."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ఇద్దరూ కలిసి బండిని అటు ముఖం ఇటు తిప్పి నిలబెట్టారు.