కల్లంలో పడవ

ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. పడవ గురించి ఊరంతా మాట్లాడింది. నా బావమరిది పెళ్లి పందిళ్లలో కథలుగా చెప్పాడు. పడవల తనిఖీ ఆఫీసులో గుమాస్తాలు నవ్వుకున్నారు. దాన్ని కొన్నది నేను, బాగుచేసింది నేను. ఎందుకు కొన్నావని నన్ను అడిగినవాడు మాత్రం లేడు. అందుకని నేనే చెబుతున్నాను.

కొత్తపట్నం దగ్గర ఒక రిసార్టువాళ్లు తెల్లటి ఫైబర్ పడవ నడిపేవారు. ముందువైపు చిన్న గది, అందులో రెండు మెత్తటి బల్లలు, అద్దాల కిటికీలు. కొన్నేళ్ల కిందట నా భార్యను తీసుకెళ్లి గదికే టికెట్లు తీసుకున్నాను. టికెట్లు చింపే మనిషి నా కాళ్ల వైపు చూశాడు.

“పెద్దాయనా, మీరు బయట కూర్చోండి. లోపల సీట్లు పాడవుతాయి.”

నా చెప్పులకు ఉన్నది మా చేలో నల్లమట్టి. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. అయినా ఆ రోజు బయటే కూర్చున్నాం. ఆమె చీర ఉప్పునీళ్లకు తడిసి ముద్దయింది.

తర్వాత రిసార్టు మూతపడింది. పడవ సరుగుడు తోటలో పడి ఉంది, గది కప్పు మీద మేకలు పడుకుంటున్నాయి అని విన్నాను. వెళ్లి కొన్నాను.

“ఆ మాటన్నవాడు ఎప్పుడో మర్చిపోయుంటాడండీ,” అంది నా భార్య.

“నేను మర్చిపోలేదు,” అన్నాను.

ట్రాక్టరు మీద తెస్తుంటే దారిలో టీ కొట్టు దగ్గర ఒకాయన లేచి నిలబడి, “ఏ గుడికండీ ఈ రథం?” అని అడిగాడు. మా ఇంటికే అని చెప్పాను.

మిరపకాయ ఆరబోసే కల్లంలో దాన్ని దించాను. ఆ కల్లం నాదీ, నా బావమరిదిదీ.

“బావా, రేపు కోతలొస్తే కాయ ఎక్కడ పోద్దాం? నీ ఓడ మీదా?” అన్నాడు.

“పడవ చుట్టూ పోద్దాం,” అన్నాను. అలాగే పోశాం. ఆ ఘాటుకు గదిలోకి వెళితే ఇప్పటికీ దగ్గు వస్తుంది.

లోపల చెక్క నేల కుళ్లింది. మొత్తం పీకేశాను. అడుగున పగుళ్లు. వాటి మీద ఫైబర్ మ్యాటు పరిచి రెసిన్ అనే జిగురు పూయాలి. రెసిన్ గట్టిపడటానికి అందులో కలిపే మందుకు కొలత ఉంటుంది. కొట్టువాడు ఆ కొలత స్పష్టంగానే చెప్పాడు. కానీ మా వైపు పురుగుమందు డబ్బా మీద రాసిన కొలతను నమ్మే రైతు ఉండడు. ఒక మూత ఎక్కువే పోస్తాం. చెయ్యి అలవాటు కొద్దీ ఇక్కడా ఒక మూత ఎక్కువ పోసింది, అదీ త్వరగా గట్టిపడే మిట్టమధ్యాహ్నం ఎండలో. మొదటి పగులు పూసి వెనక్కి తిరిగేలోపు బకెట్లోంచి పొగ లేచింది. రెసిన్ రాయి అయింది. బ్రష్షు అందులో నిలువునా ఇరుక్కుపోయింది. పూసిన అతుకు కూడా సాయంత్రానికి పెళ్లలుగా లేచింది.

నా భార్య బకెట్‌లోకి తొంగి చూసి, “చేలో మందు కలిపినట్టు కలిపారా ఏంటి?” అంది.

నా బావమరిది ఆ బకెట్‌ను కల్లం గుంజకు వేలాడదీశాడు. వచ్చినవాళ్లందరికీ, “మా బావ పంట. ఈసారి దిగుబడి ఇంతే,” అని చూపించాడు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

అతుకంతా గీకి పారేశాను. ఎండ ఎక్కకముందే, పశువులకు వాడే సిరంజితో మందు కొలిచి నా భార్య అందిస్తుంటే, కొద్దికొద్దిగా కలిపి మళ్లీ పూశాను. ఈసారి పట్టింది. అప్పుడు బోరు గొట్టం తెచ్చి పడవ లోపల మోకాలి లోతు నీళ్లు పెట్టాను. రాత్రంతా ఉన్నాయి. కింద మట్టి పొడిగానే ఉంది. తర్వాత కొత్త నేల వేయించి, ఇంజను బాగుచేయించి, సీట్లకు కొత్త గుడ్డ కుట్టించాను.

ఇక మిగిలింది తనిఖీ. పడవల అధికారి వచ్చి చూసి సరేనంటేనే పడవ నీళ్లలోకి దిగాలి. ఆయన దగ్గరికి వెళ్లాను. కూర్చోమనలేదు.

“మిరప రైతుకి పడవేంటండీ? కోతలయ్యాక చూద్దాం లెండి,” అన్నారు.

కోతలతో ఆయనకేం పనో నాకు తెలియలేదు. కోతలయ్యాక వెళితే జీపు లేదన్నారు. నా కారు కిందే ఉంది, ఎక్కండి, మళ్లీ దింపుతాను అన్నాను. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆ ఫోను మోగలేదని నేను చూశాను.

అయ్యా, ఈ మాటలు మీకే. పడవ నీడలో లేదు, దాచిపెట్టి లేదు. మా కల్లంలో నిలబడి ఉంది. రండి. సుత్తితో కొట్టి చూడండి, నీళ్లు పోసి చూడండి. బాగాలేకపోతే ఎక్కడ బాగాలేదో వేలు పెట్టి చూపించండి, అంతమేరా కోసి మళ్లీ వేస్తాను. బాగుంటే బాగుందని చెప్పండి, నా భార్యను ఆ గదిలో కూర్చోబెట్టి సముద్రం చూపిస్తాను. చూద్దాం అనే మాట ఇక నేను వినను. అవునా, కాదా? నా ముఖం చూసి జవాబు చెప్పండి.